డిష్‌వాషర్ తలుపు కింద నీళ్లు కారుతుంటే: నా అనుభవం

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో ఫ్లాట్. డిష్‌వాషర్ వేస్తే తలుపు ఎడమ మూల నుంచి సన్నగా నీళ్లు. గాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) తుడిచాం, ఫిల్టర్ తోమాం, డ్రెయిన్ పైపు బిగించాం, లాభం లేదు.

తేడా నేలలో ఉంది. నీళ్లు పోవడానికి యుటిలిటీ బాల్కనీని వాలుగా వేస్తారు కదా, మెషీన్ ముందుకు ఒరిగింది. ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, లోపలి అంచు మీద స్పిరిట్ లెవెల్ (మట్టం చూసే బుడగ గొట్టం) పెడితే బుడగ వెనక్కి పోయింది, అంటే వెనక వైపు ఎత్తుగా ఉంది. ముందు కాళ్లు తిప్పబోతే కదలవే! మన సముద్రగాలికి తుప్పు. కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలేశా. పొద్దున స్పానరుతో బుడగ మధ్యకొచ్చేదాకా లేపా, ఎడమది కాస్త ఎక్కువ. కింద న్యూస్‌పేపర్ పరిచి ఖాళీ వాష్ వేస్తే తడి లేదు.

అందరికీ ఇదే కారణం కాకపోవచ్చు. మెషీన్ అడుగు నుంచి కారుతుంటే పంపు సీలు చూపించుకోండి.