ఆకు ఈనెల పాఠానికి ఫోటో ఆల్బమ్

ఆరో తరగతి సైన్సులో ఈనెల వ్యాపనం, అంటే ఆకులో ఈనెలు పరుచుకునే తీరు, చెబుతూ బోర్డు మీద రెండు ఆకులు గీస్తే, పిల్లలకు ఆ రెండే గుర్తుంటాయి. వాళ్లు తీసిన ఆకుల ఫోటోలన్నీ ఒకే ఆన్‌లైన్ ఆల్బమ్‌లో పెడితే ఇది జాలాకారమా (వలలా అల్లుకున్నదా), సమాంతరమా (ఈనెలు పక్కపక్కనే సాగేదా) అని వాదన మొదలవుతుంది. మనకు కావాల్సింది అదే.

గుంటూరు చుట్టుపక్కల ఆకులకు కొదవేముంది? మిరప, పత్తి, వరి, మొక్కజొన్న, కృష్ణ లంకల్లో అరటి, దుగ్గిరాల వైపు పసుపు. 40 మందిని 8 గ్రూపులు చేసి, గ్రూపుకు మూడు ఆకులు చాలనండి. 24 ఫోటోలు దాటితే ఒక పీరియడ్‌లో తెమలదు. ఫోన్లు బడికి తేనక్కర్లేదు, సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుతో తీస్తే సరి.

ఎలా తీయాలో ముందు మీరే చేసి చూపించండి. లెన్సును నూలుగుడ్డతో తుడిచి, ఆకును వెలుతురున్న కిటికీకి అడ్డంగా పట్టుకోవాలి. వెలుగు ఆకు గుండా వస్తే సన్న ఈనెలు కూడా తేలతాయి. ఫ్లాష్ వేస్తే ఆకు మెరుస్తుందే తప్ప ఈనెలు రావు. ఫోన్ మరీ దగ్గర పెడితే మసకే. జానెడు దూరంలో ఉంచి, స్క్రీన్ మీద ఆకు నడుమ తాకి తీయాలి. చెయ్యి పడితే ఫరవాలేదు, ముఖం మాత్రం వద్దు.

అసలు తిప్పలు పంపడంలో వస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి ఈనెలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది గానీ, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇల్లెక్కడో కూడా వెంటే వస్తుంది. అందుకే ఫోటో తీయకముందే లొకేషన్ ఆపించి, డాక్యుమెంట్‌గా పంపమనండి. అదీ మీకే విడిగా. గ్రూపులో పెడితే అందరి నంబర్లూ అందరికీ తెలుస్తాయి.

గూగుల్ ఫోటోస్‌లో బడి అకౌంట్‌తో ఆల్బమ్ చేసి, ఫోటోలు మీరే ఎక్కించండి. తల్లిదండ్రులను చేర్చుకుంటే వాళ్ల పేర్లు బయటపడతాయి, వాళ్లు ఆల్బమ్ వదిలేస్తే వాళ్లు పెట్టిన ఫోటోలూ పోతాయి. లింకు ఎవరి చేతికి వెళ్లినా ఆల్బమ్ తెరుచుకుంటుంది కాబట్టి క్యాప్షన్‌లో పిల్లల పేర్లు రాయకండి. ‘3వ గ్రూపు, వరి, సమాంతరం, ఎందుకంటే...’ అని కారణంతో ఒక్క వాక్యం చాలు.

క్లాసులో ముందు క్యాప్షన్లు దాచి చూపించండి. అరటి, పసుపు దగ్గర సగం మంది తప్పుతారు. మధ్య ఈనె లావుగా ఉండటం చూసి జాలాకారం అనేస్తారు. ఫోటోను పెద్దది చేయండి, పక్క ఈనెలు ఒకదాని వెంట ఒకటి అంచుదాకా వెళ్తాయి, వల అల్లవు. సమాంతరమే.

ఆఖరున చేమ ఆకు. ఈనెలు వలలా ఉంటాయి, మొక్క మాత్రం ఏకదళబీజం, అంటే గింజలో ఒకే బీజదళం ఉండే రకం. ‘జాలాకారమైతే తల్లివేరు, సమాంతరమైతే గుబురు వేర్లు’ అని పాఠంలో చెప్పే లెక్క ఇక్కడ తప్పుతుంది. ఫోటోలో వేరు కనబడదు కాబట్టి, ఆ రోజు ఒక చేమ మొక్కను వేళ్లతో సహా తెచ్చి బల్ల మీద పెట్టండి. గుబురు వేర్లు చూడనివ్వండి, ముట్టుకోనివ్వకండి. రసం తగిలితే పీరియడంతా దురదే.