శాప్ ఫైకో నేర్చుకోవాలా వద్దా: ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సిన సంగతులు

శాప్ అనేది పెద్ద కంపెనీలు తమ లెక్కలు, కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే సాఫ్ట్‌వేర్; అందులో అకౌంట్స్, ఖర్చుల లెక్కలు చూసే భాగం ఫైకో. దాన్ని క్లయింట్‌కి అమర్చి, నడిపించే కన్సల్టెంట్ ఉద్యోగం కోసమే ఈ కోర్సు. ఫీజు కట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఈ లెక్క వేయండి. ఒక కంపెనీ సప్లయర్‌కి ఒక్కోటి రూ.500 చొప్పున 100 స్టీలు షీట్లు ఆర్డరిచ్చింది. గోడౌన్‌కి 90 షీట్లే చేరాయి. బిల్లు మాత్రం 100కీ వచ్చింది. పైన 18 శాతం జీఎస్టీ, ఇద్దరిదీ ఒకే రాష్ట్రం. సరుకు దిగినప్పుడు ఏ ఎంట్రీ పడాలి, బిల్లు ఎక్కినప్పుడు ఏ ఎంట్రీ పడాలి? చివరికి ఏ ఖాతాలో ఎంత మిగిలింది? ఆ మిగిలిన మొత్తానికి అర్థమేమిటి?

సరుకు దిగినరోజు స్టాక్ ఖాతాకి డెబిట్ 45,000, జీఆర్‌ఐఆర్ ఖాతాకి (దిగిన సరుకునీ వచ్చిన బిల్లునీ సరిపోల్చే మధ్యంతర ఖాతా) క్రెడిట్ 45,000. బిల్లు ఎక్కినరోజు జీఆర్‌ఐఆర్‌కి డెబిట్ 50,000, ఇన్‌పుట్ సీజీఎస్టీకి 4,500, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీకి 4,500, సప్లయర్‌కి క్రెడిట్ 59,000. జీఆర్‌ఐఆర్‌లో 5,000 డెబిట్ మిగిలింది. అంటే ఆ విలువకి బిల్లు వచ్చింది, సరుకు రాలేదు.

ఇదే బిల్లుని శాప్‌లో బిల్లులు ఎక్కించే మిరో స్క్రీన్‌లో (శాప్‌లో స్క్రీన్లని ఇలాంటి కోడ్లతోనే పిలుస్తారు) ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. దిగిన సరుకు కన్నా బిల్లులో పరిమాణం ఎక్కువ. టాలరెన్స్, అంటే సిస్టమ్ ఒప్పుకునే తేడా, దాటింది కాబట్టి బిల్లు పోస్ట్ అవుతుంది గానీ దానిమీద ‘ఆర్’ అనే పేమెంట్ బ్లాక్ పడుతుంది. తర్వాత ఎఫ్110లో పేమెంట్ రన్ (గడువైన బిల్లులన్నిటికీ ఒకేసారి చెల్లింపు) పెట్టినప్పుడు ఆ బిల్లు రాదు. సప్లయర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. అకౌంట్స్‌వాళ్లు ‘ఎఫ్110 పనిచేయడం లేదు’ అని టికెట్ వేస్తారు. సిస్టమ్ సరిగ్గానే పనిచేస్తోందని, మిగతా 10 షీట్లయినా దిగాలి లేదా సప్లయర్ నుంచి బిల్లు తగ్గిస్తూ క్రెడిట్ మెమో అయినా రావాలని, ఆ తర్వాతే ఎంఆర్‌బీఆర్ స్క్రీన్‌లో బ్లాక్ తీయాలని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాల్సింది కన్సల్టెంట్. దీంతోపాటు, ఒకే ఇన్‌వాయిస్ మీద సరుకు విడతలుగా వస్తే ఆఖరి విడత అందాకే జీఎస్టీ చట్టం ఇన్‌పుట్ క్రెడిట్ ఇస్తుందన్న సంగతి గుర్తుచేస్తే క్లయింట్ మిమ్మల్ని మర్చిపోడు.

పై లెక్కలో ఎంట్రీలు మీ అంతట మీరు రాయగలిగి, ఆ 5,000 ఎందుకు మిగిలిందో ఆరా తీయాలనిపిస్తే ఈ పని మీకు నప్పుతుంది. ఎంట్రీలు రాలేదా, ముందు మూడు నెలలు అకౌంట్స్ మీద కూర్చోండి. శాప్ కోర్సులో అకౌంటింగ్ నేర్పరు, వచ్చనే అనుకుని మొదలుపెడతారు. ఎంట్రీలు వచ్చి కూడా ఇలాంటి తగాదాలు విసుగనిపిస్తే కోర్సు జోలికి వెళ్లొద్దు. ఈ ఉద్యోగంలో రోజూ ఉండేది ఇదే.

పని రెండు రకాలు. ఇంప్లిమెంటేషన్ ప్రాజెక్టులో క్లయింట్ ఎలా కొంటాడో, ఎలా అమ్ముతాడో, నెలాఖరు పుస్తకాలు ఎలా మూస్తాడో కూర్చుని వినాలి, సిస్టమ్‌లో సెట్టింగులు చేయాలి, పరీక్షించాలి. పాత సిస్టమ్‌లోని ఓపెనింగ్ బ్యాలెన్సులు, చెల్లించాల్సిన బిల్లులు, ఆస్తుల విలువలు కొత్తదాంట్లోకి ఎక్కించాలి. కటోవర్ అనే ఆ రెండు మూడు రోజులు నిద్ర ఉండదు. సపోర్ట్ ప్రాజెక్టులో అయితే టికెట్లు. విదేశీ క్లయింట్ అయితే మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాకా సాగే షిఫ్టులు, నెల మొదటి వారంలో క్లోజింగ్ ఒత్తిడి. కొత్తవాళ్లకి ముందుగా దొరికేది సాధారణంగా సపోర్టే. రెండింట్లోనూ రాతపని ఎక్కువ: టెస్ట్ స్క్రిప్టులు, యూజర్ మాన్యువళ్లు, అబాప్ (శాప్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రామర్‌కి ఇచ్చే ఫంక్షనల్ స్పెసిఫికేషన్లు. ఏ ఫీల్డు ఏ టేబుల్ నుంచి రావాలో, తప్పు డేటా వస్తే ఏ మెసేజ్ పడాలో రెండు పేజీల్లో సందేహానికి చోటివ్వకుండా ఇంగ్లిష్‌లో రాయగలగాలి. ‘కోడింగ్ అక్కర్లేదు’ అన్న మాట నమ్మి చేరేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఎవరికి సులువు? అకౌంట్స్‌లో రెండు మూడేళ్లు నిజంగా పనిచేసి, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్ చేతులారా చేసినవాళ్లకి. సీఏ ఇంటర్, సీఎంఏ దాకా చదివి ఆగినవాళ్లకి కూడా. అప్పుడే డిగ్రీ అయినవాళ్లకి మేము చెప్పే దారి వేరు. హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీల షేర్డ్ సర్వీస్ కేంద్రాలు చాలా ఉన్నాయి. అక్కడ అకౌంట్స్ పేయబుల్‌లోనో, రిసీవబుల్‌లోనో, జనరల్ లెడ్జర్‌లోనో చేరి, శాప్‌ని యూజర్‌గా రెండేళ్లు వాడండి. జీతం వస్తూనే సిస్టమ్ అలవాటవుతుంది. ఆ అనుభవంతో కోర్సు చేస్తే ట్రైనర్ చెప్పే ప్రతి సెట్టింగూ ఏదో ఒక నిజమైన ఇబ్బందికి అతుక్కుంటుంది. నెమ్మదైన దారే, కానీ గట్టి దారి. ఇంజినీరింగ్ చదివి అకౌంటింగ్ వాసన కూడా తగలనివాళ్లు ఫైకో కన్నా అబాప్ వైపో, శాప్ సర్వర్ల నిర్వహణ చూసే బేసిస్ వైపో చూడటం మేలు.

ఇక ఏ వెర్షన్ నేర్పుతున్నారన్నది. ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. శాప్ కొత్త వెర్షన్ ఎస్4 హానా 2015లో వచ్చింది. అంతకుముందు వెర్షన్ ఈసీసీ 6.0లో కొత్త ప్యాకేజీలకి (6 నుంచి 8 దాకా) శాప్ ఇచ్చే మామూలు మెయింటెనెన్స్ 2027 చివరితో ఆగుతుంది. అదనంగా డబ్బు కట్టే కంపెనీలకి 2030 చివరిదాకా పొడిగింపు ఉంది. కాబట్టి కొన్నాళ్లపాటు మార్కెట్లో ఎక్కువ పని పాతదాన్నుంచి కొత్తదానికి మార్చడమే. రెండింటి మధ్య తేడా తెలిసినవాడికి గిరాకీ. ఈసీసీలో ఫైనాన్స్ లెక్కలు ఒక టేబుల్లో, కాస్టింగ్ లెక్కలు ఇంకో టేబుల్లో, ఆస్తులవి వేరే టేబుళ్లలో ఉండేవి. నెలాఖరుకి వాటిని సరిచూసుకోవడం ఒక పెద్ద పని. ఎస్4 హానాలో అవన్నీ ఎసిడోకా అనే ఒకే టేబుల్లో, యూనివర్సల్ జర్నల్‌గా పడతాయి. కాస్ట్ ఎలిమెంట్‌ని (కాస్టింగ్‌లో ఖర్చు పద్దు) విడిగా సృష్టించే పని పోయింది, ఎఫ్‌ఎస్00లో జీఎల్ ఖాతాగానే తెరుస్తారు. సప్లయర్‌కీ కస్టమర్‌కీ వేర్వేరు స్క్రీన్ల బదులు బిజినెస్ పార్ట్‌నర్ ఒక్కటే. డెమో క్లాసులో ట్రైనర్ కొత్త సప్లయర్‌ని ఎక్స్‌కే01లో తెరిచి చూపిస్తే అది పాత సిస్టమ్. లేచి వచ్చేయొచ్చు.

పబ్లిక్ క్లౌడ్ ఎడిషన్ (శాప్ తానే నడిపి అద్దెకిచ్చే ఎస్4 హానా) సంగతి ఇంకా వేరు. అందులో కన్సల్టెంట్లు సెట్టింగులు చేసే అలవాటైన ఎస్‌పీఆర్‌ఓ స్క్రీన్ ఉండదు, సెట్టింగులు వేరే టూల్లో, పరిమితంగా చేయాలి. అక్కడ క్లయింట్ పద్ధతిని శాప్ పద్ధతిలోకి ఒప్పించడమే కన్సల్టెంట్ పనిలో సగం. ఫియోరి యాప్‌లు (శాప్ కొత్త తరహా స్క్రీన్లు) కనీసం చూపించని కోర్సు ఈ కాలానికి చాలదు.

అమీర్‌పేటలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా, చేరేముందు సర్వర్ గురించి గుచ్చి గుచ్చి అడగండి. ఎస్‌పీఆర్‌ఓలో మార్పులు చేసే అనుమతి ఇస్తారా, చూడటానికేనా? నా సొంత కంపెనీ కోడ్ (సిస్టమ్‌లో విడి పుస్తకాలున్న ఒక కంపెనీ) నేనే తెరవొచ్చా? కోర్సు అయ్యాక ఎన్ని నెలలు లాగిన్ ఉంటుంది? అది లైసెన్స్ ఉన్న సిస్టమేనా? ఒకే సర్వర్ మీద పదుల మంది కూర్చుంటే ఎవరో ఓబీ52లో పోస్టింగ్ పీరియడ్ వేరియంట్ (ఏ నెలల్లో ఎంట్రీలు వేయొచ్చో చెప్పే సెట్టింగ్) మార్చేస్తారు, అదే వేరియంట్ వాడుతున్న మీకు ‘పీరియడ్ ఓపెన్‌లో లేదు’ అని ఎర్రర్ వస్తుంది. తప్పు ఎక్కడుందో తెలియక సాయంత్రమంతా పోతుంది. కంపెనీ కోడ్‌తోపాటు పీరియడ్ వేరియంట్ కూడా ఎవరిది వాళ్లకి ఉండాలి.

సిలబస్ కాగితం చూసి మోసపోకండి, అన్ని చోట్లా అది దాదాపు ఒక్కటే. ట్రైనర్‌ని డెమోలో ఈ మూడూ చేసి చూపించమనండి. ఒకటి, ఎఫ్110 రన్‌లో ఒక బిల్లు రాకుండా ఆగాలి, ఎందుకు ఆగిందో ప్రపోజల్ లాగ్‌లో చదివి చెప్పాలి. సప్లయర్ మాస్టర్‌లో పేమెంట్ మెథడ్ లేకపోవచ్చు, హౌస్ బ్యాంక్ (కంపెనీ చెల్లింపులు చేసే బ్యాంక్) ర్యాంకింగ్ ఇవ్వకపోవచ్చు, బిల్లు గడువు తర్వాతి రన్ తేదీ కన్నా ముందు పడకపోవచ్చు. రెండు, సరుకు దిగినప్పుడు స్టాక్ ఖాతా దానంతట అదే ఎలా దొరికిందో ఓబీవైసీలో చూపాలి: వాల్యుయేషన్ క్లాస్ (సరుకు ఏ ఖాతాకి పోవాలో చెప్పే వర్గం), స్టాక్‌కి బీఎస్‌ఎక్స్ అనే కీ, జీఆర్‌ఐఆర్‌కి డబ్ల్యూఆర్‌ఎక్స్ అనే కీ. మూడు, మన దేశపు టాక్స్ ప్రొసీజర్ టాక్సిన్‌లో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కోడ్ చేసి బిల్లు పోస్ట్ చేయాలి. ప్రాజెక్టులో పనిచేసినవాడు వీటిని మాటల మధ్యలోనే చేసేస్తాడు. స్క్రీన్‌షాట్లు చూసి నేర్పేవాడు ‘అది తర్వాతి క్లాసులో’ అంటాడు.

పన్నుల భాగాన్ని తేలిగ్గా తీసుకునే ఇన్‌స్టిట్యూట్‌లే ఎక్కువ. భారతీయ క్లయింట్ దగ్గర టికెట్లు వచ్చేది అక్కడే. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి రావడంతో టీడీఎస్ సెక్షన్ల నంబర్లే మారాయి. విత్‌హోల్డింగ్ టాక్స్ (శాప్‌లో టీడీఎస్‌కి పేరు) కోడ్లు పెట్టడం వచ్చినవాడికి ఇలాంటి ప్రతి మార్పూ పనే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడూ ఇంతే జరిగింది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు ఫీజు ఒక్కటే చూడొద్దు. క్లాసులు సాధారణంగా రెండు మూడు నెలలు. ఆ తర్వాత రోజుకి మూడు గంటల చొప్పున కనీసం ఇంకో మూడు నెలలు సొంతంగా ప్రాక్టీస్, ఆపైన ఉద్యోగం వెతుకులాట. ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు ఏడాది ఖర్చు చేతిలో పెట్టుకునే దిగాలి. ఉన్న ఉద్యోగం మానేసి మాత్రం చేరకండి. ఉదయం ఏడింటి బ్యాచో, వారాంతం బ్యాచో చూసుకోండి. డబ్బు ఖర్చు పెట్టకముందే లెర్నింగ్ డాట్ శాప్ డాట్ కామ్‌లో ఫైనాన్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, రెండు వారాలు రోజూ చదవండి. రెండో వారానికి చేరలేకపోతే జవాబు అక్కడే దొరికినట్టు. సర్టిఫికెట్ వల్ల ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు, ప్రశ్నలకి జవాబు మాత్రం ప్రాక్టీసే చెప్పాలి. పరీక్ష ఫీజు అలా వదిలేసి, ప్రాక్టీస్ పూర్తయ్యాక కట్టుకోవచ్చు.

ఒక మాట సూటిగా. ‘మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం, కంపెనీ లెటర్లు మేమే ఇస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడ ఫీజు కట్టకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇప్పుడు యూఏఎన్ (పీఎఫ్ నంబర్) ద్వారా పీఎఫ్ సర్వీస్ చరిత్ర చూస్తారు, ఫారం 16 అడుగుతారు, మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌తో సరిపోల్చి చూస్తారు. ఆ మూడేళ్లూ పీఎఫ్ జమ కాకపోతే అబద్ధం బయటపడుతుంది. చేరిన ఆరు నెలలకి బయటపడ్డా ఉద్యోగం పోతుంది, ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు. పట్టుబడకపోయినా, మూడేళ్ల అనుభవజ్ఞుడిగా మీమీద పెట్టే పని మీరు చేయలేరు. డాక్యుమెంట్ స్ప్లిటింగ్ (ఎంట్రీలని ప్రాఫిట్ సెంటర్లవారీగా, అంటే వ్యాపార విభాగాలవారీగా విడగొట్టడం) ఉన్న క్లయింట్ దగ్గర ‘ప్రాఫిట్ సెంటర్ నింపలేదు’ అన్న ఎర్రర్‌తో వందల ఎంట్రీలు ఆగి, క్లోజింగ్ ఆ రాత్రే ముగియాలంటే మిమ్మల్ని ఆదుకునే లెటర్‌హెడ్ ఉండదు. మీకు నిజంగా ఉన్న అకౌంట్స్ అనుభవాన్నే ‘డొమైన్ అనుభవం’ అని రాయండి. అది నిజం, దానికి విలువ ఉంది.

ఈ లెక్కలన్నీ చూశాక శాప్ ఇప్పుడు వద్దనిపిస్తే, అదే డబ్బులో చిన్న భాగంతో ట్యాలీ ప్రైమ్, జోహో బుక్స్ గట్టిగా నేర్చుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారికీ, వరంగల్‌లో పత్తి మిల్లుకీ శాప్ అక్కర్లేదు. వాళ్లకి కావాల్సింది ట్యాలీలో స్టాక్ గ్రూపులు సరిగ్గా కట్టి, టర్నోవర్ రూ.5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ పెట్టి, జీఎస్టీఆర్-2బీతో (సప్లయర్లు చూపిన బిల్లుల ప్రకారం మనకొచ్చే క్రెడిట్ పట్టిక) కొనుగోళ్లు సరిచూసి పెట్టే మనిషి. పాత డేటాని కొత్త ఆర్థిక సంవత్సరంలోకి తేడా లేకుండా మార్చి ఇచ్చే మనిషిని ఇలాంటి వ్యాపారి ఏడాది కాంట్రాక్టు మీద పెట్టుకుంటాడు. అలాంటి పది మంది క్లయింట్ల పుస్తకాలు రెండేళ్లు చూసినవాళ్లు తర్వాత ఎప్పుడు శాప్‌కి వచ్చినా, పైన చెప్పిన స్టీలు షీట్ల లెక్క వాళ్లకి కాగితం కూడా అక్కర్లేకుండా వస్తుంది.