పళ్ళ క్లీనింగ్‌కి వెళ్ళే ముందు జాగ్రత్తలు

పాచి బ్రష్‌కి పోతుంది. అదే గట్టిపడి గారగా మారితే ఎంత తోమినా రాదు, స్కేలింగ్ (డాక్టర్ దగ్గర గార తీసే క్లీనింగ్) చేయించాల్సిందే. కింది ముందుపళ్ళ లోపలి వైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగిలేది చాలావరకు గారే.

- వాడే మందులన్నీ చీటీ మీద రాసుకెళ్ళండి. రక్తం పలచబడే మందులుంటే ముందే చెప్పండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందన్న భయంతో సొంతంగా మాత్ర మానేయడం స్కేలింగ్ కన్నా చాలా ప్రమాదం.

- గుండెలో కృత్రిమ కవాటం ఉన్నా, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. క్లీనింగ్‌కి 30 నుంచి 60 నిమిషాల ముందు యాంటీబయాటిక్ వేసుకోవాల్సి రావచ్చు. కుర్చీలో కూర్చున్నాక గుర్తొస్తే ఆ రోజు పని వాయిదా పడొచ్చు. పేస్‌మేకర్ ఉన్నా చెప్పాలి.

- షుగర్ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. తిని, మందు వేసుకునే వెళ్ళండి.

- గర్భిణులు చేయించుకోవచ్చు, నెలలు మాత్రం చెప్పండి.

- జ్వరం, దగ్గు ఉంటే ఇంకో రోజు.

- బ్రష్ చేసుకుని వెళ్ళండి. (మొహమాటం తగ్గుతుంది, అంతే!)

స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయన్న టెన్షన్ వద్దు. గార పోయాక అది నింపిన సందు ఖాళీగా కనబడుతుంది, అందుకే అలా అనిపిస్తుంది. చల్లటి నీళ్ళకి కొన్నాళ్ళు జివ్వుమనొచ్చు. మళ్ళీ ఎప్పుడు రావాలో మీ చిగుళ్ళను చూసి డాక్టరే చెబుతారు, అందరికీ 6 నెలలే అనేం లేదు.