పిత్త ప్రకృతి, నాలుగో పాఠం: శరత్తు రాకముందే కంచం సర్దుకుందాం

పోయినసారి చెప్పిన పని చేశారా? ఆకలి వేసే వేళ, నిద్ర, విరేచనం, చెమట, ఈ నాలుగూ వారం రోజులు నోటుబుక్కులో రాయమన్నాను. రాసినవాళ్లు ఆ పుస్తకం పక్కన పెట్టుకోండి. రాయనివాళ్లు ఇవాళే మొదలుపెట్టండి.

మే నెలలో గుంటూరు మిరపయార్డు పక్కనుంచి వెళ్తే ఎవరికైనా కళ్లు మండుతాయి, ఒళ్లు తడిసిపోతుంది. అది చూసి నాది పిత్త తత్వమని (ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫ దోషాల్లో వేడి గుణమున్నది పిత్తం) తీర్మానించుకుని, ఒక వేసవి మొత్తం కీరా ముక్కలు, అటుకులు, చల్లటి మజ్జిగతో గడిపాను. కడుపు ఉబ్బరం మొదలైంది, నిద్ర పోయింది. చివరికి ఒక వైద్యురాలు నా చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, నాలో వాతం, అంటే గాలి గుణమున్న దోషం పాలే ఎక్కువన్నారు.

కాబట్టి మిమ్మల్ని మీరు అడగాల్సింది "ఎంత మంట?" అని కాదు, "ఎప్పటినుంచి?" అని. పుష్యమాసం చలిలో కూడా దుప్పటి తన్నేసేవారా? భోజనం గంట ఆలస్యమైతే తలనొప్పి, చిరాకు వచ్చేవా? అమ్మనో పెద్దక్కనో అడగండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది. చిన్నప్పటినుంచీ ఉంటే ప్రకృతి, అంటే పుట్టుకతో వచ్చిన తత్వం. ఈ రెండు నెలలుగా వచ్చిందైతే వికృతి, అంటే ఆ తత్వం అదుపు తప్పడం. ప్రకృతి జబ్బు కాదు, దాన్ని మార్చాలని చూడొద్దు.

ఇప్పుడు భాద్రపదం. వానల్లో పిత్తం పోగవుతుందని, శరత్తులో ప్రకోపిస్తుందని అష్టాంగహృదయం రాసిన ప్రాచీన వైద్యుడు వాగ్భటుడు చెప్పాడు. చల్లదనానికి అలవాటుపడిన ఒంటిమీద వానలు వెనకబట్టగానే ఎండ చురుక్కున తగలడమే కారణం. ఆశ్వయుజ, కార్తీకాలు మనకు అసలు పరీక్ష.

పిత్తాన్ని పెంచేవి కారం, పులుపు, ఉప్పు. తగ్గించేవి తీపి, చేదు, వగరు. మన గోంగూర పచ్చడిలో పెంచేవి మూడూ ఒక్క ముద్దలోనే ఉన్నాయి! అయినా మానేయమనను. గుంటూరు మనిషిని గోంగూర మానమంటే మూడో రోజుకు ఈ పాఠమే మానేస్తాడు. మధ్యాహ్నం, వేడన్నంలో, నెయ్యి వేసుకుని ఒక్క ముద్ద తినండి. రాత్రి వద్దు. పిత్తానికి నెయ్యిని మించిన ఆహారం లేదని శాస్త్రం మాట. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన మేరకే వాడండి. మిగతా కంచంలో పెసరపప్పు, బీరకాయ, పొట్లకాయ, వారానికి రెండుసార్లు కాకరకాయ. కాకరలో చింతపండు తగ్గించండి, చేదు కాస్త నాలుకకు తగలాలి.

పెరుగు దగ్గర అందరూ నాతో వాదిస్తారు. చల్లగా ఉంటుంది కదా అంటారు. తాకితే చల్లనే, కానీ ఆయుర్వేదం లెక్కలో దాని వీర్యం, అంటే ఒంట్లోకి వెళ్లాక చూపే గుణం, ఉష్ణం. రాత్రిపూట, శరత్తులో పెరుగు వద్దని స్పష్టంగా ఉంది. బదులుగా అప్పటికప్పుడు చిలికిన, పులవని పల్చటి మజ్జిగ తాగండి.

పులుపన్నీ శత్రువులు కావు. ఉసిరి, దానిమ్మ పుల్లగా ఉన్నా పిత్తాన్ని శమింపజేస్తాయి. కార్తీకంలో ఉసిరికాయలు బజారులోకి దిగగానే పప్పులో చింతపండు బదులు అవే వేయండి. మన వనభోజనాలు ఉసిరిచెట్టు కింద, సరిగ్గా ఈ ఋతువులోనే జరగడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఒంట్లో మంటగా ఉంటే ధనియాల నీళ్లు: ఒక వంతు కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, ఆరు వంతుల చల్లటి నీళ్లు. రాత్రంతా నాననిచ్చి, పొద్దున వడకట్టి, కలకండ కలిపి తాగాలి. షుగరున్నవాళ్లు కలకండ వేసుకోవద్దు.

పెరిగిన పిత్తాన్ని విరేచనాల ద్వారా బయటికి పంపే విరేచన చికిత్స ఇంట్లో చేసుకునేది కాదు, వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ అడగొచ్చు. మంట వారాల తరబడి తగ్గకపోయినా, విరేచనం నల్లగా అయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ధనియాల నీళ్లతో కాలక్షేపం చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

ఈ పది రోజుల పని: ఒక్కటే మార్చండి, రాత్రి పెరుగు మానండి. పైన చెప్పిన మిగతావేవీ ఇప్పుడే మార్చొద్దు, రెండు మార్చితే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. పొద్దున లేవగానే నోటి రుచి, కళ్ల మంట రాయండి. ఆ పుస్తకంతోనే అయిదో పాఠం, నిద్ర సంగతి, మొదలుపెడదాం.