నిమజ్జనానికి బండి కదిలే ముందు ఇవి చూసుకోండి

అన్నిటికంటే ముందు కరెంటు తీగలు. ట్రాలీ మీద పెట్టాక విగ్రహం ఎత్తెంతో కొలిచి, ముందురోజే దారంతా ఒకసారి తిరిగి చూడండి, ఎక్కడైనా తీగ కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించండి. కర్రతో తీగ పైకెత్తే పని మాత్రం అస్సలొద్దు, వానకి తడిసిన కర్రలోంచి షాక్ కొడుతుంది, ఏటా ఎక్కడో ఒకచోట ఇలాగే కుర్రాళ్ల ప్రాణాలు పోతున్నాయి.

చెరువులోకి ఈత బాగా వచ్చినవాళ్లే దిగాలి, మట్టి తవ్విన గుంతలు నీళ్ల కింద కనపడవు. నడుముకి తాడు కట్టి, రెండో కొస ఒడ్డున ఉన్నవాళ్లకి ఇవ్వండి.

డ్రైవర్ మందు ముట్టకూడదు.

ఇంజన్‌కీ ట్రాలీకీ మధ్య పిల్లల్ని కూర్చోనివ్వకండి, కుదుపుకి జారితే చక్రాల కిందే పడతారు.

ఇంకోటి, విగ్రహానికున్న ప్లాస్టిక్ దండలు తీసేయండి, ఆ చెరువులోనే మన గేదెలు నీళ్లు తాగేది.