పాత చిన్న పడవకు రెండో ఔట్‌బోర్డ్ మోటారు అమర్చే విధానం

పాత పడవకు రెండో ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనుక బయట తగిలించే మోటారు, పెట్టుకోవాలనుకునేవారు ముందుగా ఆ మోటారు ఏ పనికో తేల్చుకోవాలి. అది వేగం పెంచడానికి కాదు. పెద్ద మోటారు నడినీటిలో మొరాయించినప్పుడు మనుషుల్ని ఒడ్డుకు చేర్చడానికి, గాలం వేసే వేళ నింపాదిగా నడపడానికి ఉపయోగపడితే చాలు. నీటిని చీల్చుకుంటూ సాగే పడవకు దాని పొడవే వేగానికి హద్దు నిర్ణయిస్తుంది. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 14 అడుగుల పడవకు అది దాదాపు 5 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగాన్ని అందుకోవడానికి 4 నుంచి 6 హార్స్‌పవర్ల మోటారు సరిపోతుంది. అంతకు మించినది కొంటే, పాత పడవ అమరం (వెనుక భాగం) మీద బరువును మాత్రమే పెంచుకున్నట్టవుతుంది.

ఆ బరువు విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎంత బరువు, ఎంత శక్తి తగునో తెలిపే పలక 1972 నవంబరు నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు తయారైన పడవల్లో చాలావాటికి అది ఉండదు కాబట్టి ఎంత శక్తి తగునో మనమే లెక్క వేసుకోవాలి. అక్కడి నిబంధన ప్రకారం పడవ పొడవును ట్రాన్సమ్, అంటే మోటారును తగిలించే వెనుక గోడ, వెడల్పుతో, రెండింటినీ అడుగుల్లో, గుణించాలి. స్టీరింగ్ చక్రం, కనీసం 20 అంగుళాల ఎత్తు ట్రాన్సమ్ ఉన్న పడవకు ఆ లబ్ధాన్ని రెట్టింపు చేసి 90 తీసివేయాలి. చేతిపిడితో నడిచేవాటికీ, పొట్టి ట్రాన్సమ్ ఉన్నవాటికీ, అడుగు బల్లపరుపుగా లేకపోతే, 0.8తో గుణించి 25 తీసివేయాలి. 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల ట్రాన్సమ్ వెడల్పు ఉన్న పడవకు లబ్ధం 63. దాన్నిబట్టి మొదటి రకానికి 36, రెండో రకానికి 25.4 వస్తాయి. వీటిని పైనున్న అయిదు గుణిజానికి సవరిస్తే 40, 30 హార్స్‌పవర్లు అవుతాయి. అయితే ఈ సూత్రం కొత్త పడవను దృష్టిలో పెట్టుకుని రాసినది, దశాబ్దాలుగా నానిన చెక్కకు అది హామీ ఇవ్వదు. రెండు మోటార్లనూ ఒకేసారి నడపకపోయినా రెండింటి బరువూ ఎప్పుడూ అమరం మీదే ఉంటుందన్నది మరవకూడదు.

మోటారు కొనకముందే నీటిలో ఒక పరీక్ష చేయాలి. 6 హార్స్‌పవర్ల నాలుగు స్ట్రోకుల మోటారు సుమారు 25 నుంచి 27 కిలోలు తూగుతుంది. దాన్ని మోసే బ్రాకెట్, అంటే ఎత్తి దించగల లోహపు చట్రం, ట్రాన్సమ్‌కు వెనుకగా నిలబెడుతుంది కనుక దాని ప్రభావం అసలు బరువుకన్నా ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఒక్కొక్కటి పది లీటర్ల నీరు పట్టే మూడు నాలుగు డబ్బాలను నింపి, మోటారు వచ్చే వెనుక మూలలో ఉంచి, నడిపేవారు తమ చోట కూర్చుని చూడాలి. ట్రాన్సమ్‌లో మోటారు కోసం కోసిన భాగం నీటికి ఎంత ఎత్తులో మిగిలిందో కొలవాలి. పడవను ఉన్నపళంగా ఆపినప్పుడు వెనుకనుంచి వచ్చే సొంత అలే లోపలికి దూకేంత తక్కువగా ఉంటే, బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును అణియం (ముందు భాగం) వైపు జరిపి మళ్లీ కొలవాలి. అప్పటికీ అంతే అయితే ఇంకా చిన్న మోటారుతో సరిపెట్టుకోవడమే మేలు.

ఇక ట్రాన్సమ్ సంగతి. పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో పైకి నిగనిగలాడే పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఏ బోల్టు రంధ్రం గుండానో ఏళ్ల తరబడి చేరిన నీరు దాన్ని లోలోపల కుళ్లబెడుతుంది. చిన్న సుత్తి పిడితో అంతటా తట్టి చూడండి. గట్టి చెక్క కణేలుమని పలుకుతుంది, పాడైన చోట మొద్దు శబ్దం వస్తుంది. తరువాత పెద్ద మోటారును పైకెత్తి, దాని కాలును, అంటే నీటిలోకి దిగే కింది భాగాన్ని, పట్టుకుని బలంగా పైకీ కిందికీ ఊపుతుండగా మరొకరు ట్రాన్సమ్‌ను గమనించాలి. అది కంటికి కనిపించేలా వంగినా, మూలల్లో పగుళ్లు తెరుచుకున్నా లోపం ఉన్నట్టే. అనుమానం మిగిలితే లోపలివైపునుంచి, కింది భాగంలో, మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో రెండు మూడు చోట్ల చెక్క మందంలో సగం వరకే తొలిచి, వచ్చే పొట్టును చూడాలి. లేతరంగు పొడిపొట్టు వస్తే మంచిదే, ఆ రంధ్రాలను ఎపాక్సీ జిగురుతో మూసేయవచ్చు. నల్లగా, తడిగా, ముక్కవాసనతో వస్తే పని అక్కడే ఆపి, ముందు ట్రాన్సమ్ లోపలి చెక్కను మార్చాలి. కుళ్లిన చోట అల్యూమినియం పలక బిగించి గట్టిపరచామనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే పలక కింద కుళ్లు కనిపించకుండా సాగుతూనే ఉంటుంది.

బ్రాకెట్‌ను మోటారు శక్తికీ బరువుకూ రెండింటికీ తగినదిగా ఎంచుకోవాలి. తేలికైన రెండు స్ట్రోకుల మోటార్ల కాలంనాటి పాత బ్రాకెట్లు నేటి బరువైన మోటార్లను మోయలేకపోవచ్చు. రంధ్రాలు వేసే ముందు బ్రాకెట్‌ను బిగింపులతో తాత్కాలికంగా నిలిపి, పెద్ద మోటారును రెండువైపులా చివరిదాకా తిప్పి, పూర్తిగా పైకెత్తి, చిన్నదానికి ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోవాలి. బ్రాకెట్‌ను దించినప్పుడు ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలక, అది ఉన్న చోట పడవ అడుగుకన్నా ఒకటి రెండు అంగుళాలు కిందికి ఉండాలి. ఎత్తినప్పుడు మోటారు నీటిని తాకకూడదు. మధ్య నుంచి పక్కకు జరిగిన మోటారు పడవ ఒరిగినప్పుడల్లా పైకి లేస్తుంది కాబట్టి, 15 అంగుళాల ట్రాన్సమ్ మీదనైనా 20 అంగుళాల పొడవు కాలున్న మోటారు తీసుకోవడం నయం.

బోల్టు రంధ్రాలను కావలసినదానికన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దవిగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో అసలు కొలతకు మళ్లీ తొలవాలి. అప్పుడు నీరు చొరకుండా పూసే సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు చెక్కను చేరదు. ఈ ఒక్క పనికి పట్టే అదనపు రోజును దయచేసి మిగుల్చుకోవద్దు. 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు వాడి, లోపలివైపు వెడల్పాటి పలక వేసి, పాలీయూరిథేన్ సీలెంట్‌తో బిగించాలి. అల్యూమినియం భాగాలు పాత పడవల్లోని కంచు సామగ్రికి తగలకుండా చూడాలి, ఉప్పునీటిలో ఆ రెండూ కలిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

పెట్రోలును రెండింటికీ వేరుగానే ఉంచాలి. పాత పెద్ద మోటారు రెండు స్ట్రోకులదైతే దానికి ఆయిల్ కలిపిన పెట్రోలు కావాలి. 50కి 1 పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఇంకా పాతవాటిలో కొన్నింటికి 24కి 1 చొప్పున ఎక్కువే కలపాలి కనుక తయారీదారు పుస్తకంలోని పాళ్లనే పాటించాలి. చిన్నది నాలుగు స్ట్రోకులదైతే దానికి వట్టి పెట్రోలే. రెండు స్ట్రోకుల మోటారులో పొరపాటున వట్టి పెట్రోలు పోస్తే పిస్టన్ కొద్దిసేపట్లోనే పట్టేస్తుంది. అందువల్ల ట్యాంకులకు వేర్వేరు రంగులు వేసి, పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. రెండూ ఒకే రకం ఇంధనంతో నడిచేవైనా నేను ట్యాంకును కలపను. పెద్ద మోటారును ఆపేసిన కారణం పెట్రోలులో చేరిన నీరే అయితే, అదే నీరు రెండోదాన్నీ ఆపేస్తుంది. తాడు లాగి నడిపే మోటారును ఎంచుకోవడం కూడా ఇందుకే, బ్యాటరీ చచ్చినా అది పనిచేస్తుంది.

నడిపేవారు కుడివైపు కూర్చునే పడవకు ఎడమవైపు బ్రాకెట్ పెడితే బరువు సమంగా ఉంటుంది, చేయి పిడికి అందుతుందా అన్నది మాత్రం ముందే చూసుకోవాలి. ఎడమవైపు మోటారు అణియాన్ని కుడికి నెడుతుంది. పెద్ద మోటారును న్యూట్రల్‌లో నీటిలోకి దించి ఉంచితే దాని కాలు చుక్కానిలా పనిచేసి, స్టీరింగ్ చక్రంతోనే దారి సరిచేసుకోవచ్చు.

బిగింపు మరలు అదురుకు వదులవుతాయి. కనుక మోటారును గొలుసుతో పడవకు కట్టాలి. మొదటి గంట నడిపాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. పడవను ట్రైలర్ మీద తీసుకెళ్లేటప్పుడు గతుకుల్లో బ్రాకెట్ మీద పడే దెబ్బ నీటిలోకన్నా తీవ్రంగా ఉంటుంది కాబట్టి, వీలైతే మోటారును విప్పి పడవలో పడుకోబెట్టాలి. నీటిలోకి వెళ్లిన ప్రతిసారీ చిన్న మోటారును పది నిమిషాలైనా నడిపి, చాలా రోజులు వాడబోమనుకుంటే కార్బ్యురేటరులోని పెట్రోలును ఖాళీ చేసి పెట్టాలి.