బోటు స్టీరియోకి ఫోన్ లేదా మ్యూజిక్ ప్లేయర్ కనెక్ట్ చేయడం ఎలా?

పాపికొండలకి వెళ్ళే లాంచీ కావచ్చు, కాకినాడ నుంచి వేటకి బయల్దేరే బోటు కావచ్చు, డల్లాస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో మనవాళ్ళు వీకెండ్‌కి అద్దెకు తీసుకునే పాంటూన్ బోటు కావచ్చు. పాటలు పెట్టే పెట్టె మాత్రం అన్నిట్లో దాదాపు ఒకటే. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే కారు స్టీరియో, లేదంటే దాని అన్నదమ్ముడు. 'మెరైన్' అని రాసి ఉన్నదైతే లోపలి బోర్డుకి తేమ తగలకుండా పూత, ముందువైపు రబ్బరు మూతలు అదనంగా ఉంటాయి. కనెక్ట్ చేసే పద్ధతిలో తేడా ఏమీ లేదు.

పాట వినిపించేలా చేయడం పది నిమిషాల పని. ఆ తర్వాత స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే రొద, ఉప్పుగాలికి జాక్‌లో (పిన్ను గుచ్చే రంధ్రంలో) పట్టే చిలుము, వీటితోనే అసలు తలనొప్పి.

ముందు స్టీరియోని పరిశీలించండి

కేబుల్ కొనడానికి బజారుకి వెళ్ళకముందే స్టీరియోకి ఏమేం దారులున్నాయో చూసుకోండి. ముందువైపు రబ్బరు మూత కింద ఆక్స్ రంధ్రం (బయటి పరికరం నుంచి వైరుతో పాట తీసుకునేది), యూఎస్‌బీ పోర్టు దాక్కుని ఉండొచ్చు. సోర్స్ బటన్ వరసగా నొక్కుతూ పోతే ఆక్స్, యూఎస్‌బీ, బ్లూటూత్‌లలో ఏవి ఉన్నాయో స్క్రీన్ మీద వస్తాయి.

ముందు ఏమీ కనబడకపోతే వెనక చూడాలి. అక్కడ ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉంటే తొందరపడి ఫోన్ తగిలించకండి. కారు స్టీరియోల వెనక ఉండే ఆర్‌సీఏలు చాలావరకు యాంప్లిఫయర్‌కి సౌండ్ పంపేవి, అంటే అవుట్‌పుట్‌లు. వాటికి ఫోన్ కలిపితే ఏ శబ్దమూ రాదు, స్టీరియో పాడైందని అనుకుంటాం. పక్కన 'ఆక్స్ ఇన్' అని రాసి ఉన్న జతే మనకి కావాలి.

ఇక మీ చేతిలో ఉన్న పరికరం. పాత ఎంపీ3 ప్లేయర్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఐఫోన్లలో 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి ఆ రంధ్రం తీసేశారు, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చాలావాటికి లేదు. వాటికి చిన్న అడాప్టర్ కావాలి. టైప్-సీ అడాప్టర్ కొనేటప్పుడు 'డ్యాక్' (డిజిటల్ పాటని స్పీకర్లకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిప్) ఉన్నదే అడగండి. అది లేని చవక రకం కొన్ని ఫోన్లలో అసలు పనిచేయదు. ఐపాడ్ తయారీని యాపిల్ 2022లో ఆపేసింది గానీ, ఇంట్లో పాత ఐపాడ్ క్లాసిక్ మూలన పడి ఉంటే బోటుకి అంతకన్నా మంచిది లేదు. కాల్స్ రావు, పాటలన్నీ అందులోనే ఉంటాయి, తడిసి పోయినా ఫోన్ పోయినంత బాధ ఉండదు.

ఆక్స్ కేబుల్‌తో

నా ఓటు దీనికే. రెండు చివర్లా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న కేబుల్ తీసుకోండి. పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉండాలి. మూడు గీతలుంటే అది మైకు కోసం చేసినది, ఒక్కోసారి పేచీ పెడుతుంది.

రెండువైపులా వాల్యూమ్ బాగా తగ్గించి, పిన్ను క్లిక్‌మనేదాకా గట్టిగా నొక్కండి. సోర్స్‌ని ఆక్స్‌కి మార్చండి. ఇప్పుడు ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతుకి పెట్టేసి, ఇక తగ్గించినా పెంచినా స్టీరియో దగ్గరే చేయండి. ఫోన్‌లో తక్కువ పెట్టి స్టీరియోలో బాగా పెంచితే పాటతో పాటు బుసబుసమనే శబ్దం కూడా పెరుగుతుంది. పైగా మధ్యలో ఎవరైనా ఎఫ్‌ఎంకి మార్చారంటే లాంచీలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడతారు.

వాయిద్యాలు వినిపిస్తూ పాడేవాళ్ళ గొంతు మాత్రం మాయమైందా? స్పీకర్ల తప్పు కాదు, పిన్ను పూర్తిగా లోపలికి వెళ్ళలేదు. గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్ళే దారి) అందకపోతే కుడి, ఎడమ చానళ్ళ మధ్య ఉన్న తేడా మాత్రమే స్పీకర్లకి చేరుతుంది. గొంతు రెండు చానళ్ళలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి అదే కొట్టుకుపోతుంది. చాలాసార్లు ఫోన్‌కి వేసిన లావుపాటి కవరే కారణం. కవర్ తీసి మళ్ళీ గుచ్చి చూడండి.

బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఎఫ్‌ఎం

బ్లూటూత్ ఉంటే స్టీరియోని పెయిరింగ్‌లో పెట్టి, ఫోన్‌లో పేరు కనబడగానే నొక్కితే సరిపోతుంది. పిన్ నంబర్ అడిగితే 0000 గానీ 1234 గానీ కొట్టి చూడండి. కలవకపోతే ముందు సరంగు (లాంచీ నడిపే అతను) ఫోన్ బ్లూటూత్ ఆపించండి, స్టీరియో అలవాటు కొద్దీ దాన్నే పట్టుకుని ఉంటుంది. ఈ సిగ్నల్ సుమారు 10 మీటర్లు వెళ్తుందంటారు గానీ, మధ్యలో ఇనుప డెక్కు, దాని మీద నలభై మంది జనం అడ్డొస్తే అంత దూరం రాదు. ఫోన్‌ని స్టీరియో ఉన్న అంతస్తులోనే ఉంచండి. స్టీరియోకి బ్లూటూత్ లేకపోయినా ఆక్స్ ఉంటే, ఆ రంధ్రంలో గుచ్చే చిన్న బ్లూటూత్ రిసీవర్లు దొరుకుతాయి.

బ్లూటూత్ అయినా వైరు అయినా పాటలు మాత్రం ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. పాపికొండల మధ్యకి వెళ్ళాక సిగ్నల్‌ని నమ్ముకుంటే పాట చరణం మధ్యలోనే ఆగుతుంది.

వేట బోట్లకి పెన్‌డ్రైవ్ మేలు. ఫోన్ భద్రంగా జేబులో ఉంటుంది. 32 జీబీ లేదా అంతకన్నా చిన్నది తీసుకుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎంపీ3 ఫైళ్ళే వేయండి. పాత స్టీరియోలు వేరే ఫార్మాట్‌ని చూడగానే 'నో ఫైల్' అనేస్తాయి.

ఇవేవీ లేని పాత క్యాసెట్ డెక్‌లో రేడియో ఉంటే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ఒక దారి, ఫోన్‌లో పాటని అది చిన్న ఎఫ్‌ఎం స్టేషన్‌లా పంపుతుంది. స్టేషన్ ఏదీ రాని నంబర్ చూసి రెండింట్లోనూ అదే పెట్టాలి. రాజమండ్రి దగ్గర ఖాళీ నంబర్ కోసం కాస్త వెతుక్కోవాలి, కొండల మధ్య ఆ గొడవ తక్కువ. సౌండ్ నాణ్యత మాత్రం అంతంతమాత్రమే.

గుయ్‌మనే రొద ఎందుకు వస్తుంది?

పాట బాగానే వస్తోంది, ఫోన్‌ని బోటు సాకెట్‌లో ఛార్జింగ్‌కి పెట్టగానే జోరీగ దూరినట్టు రొద మొదలైంది. ఇంజన్ రేజ్ చేస్తే రొద కూడా సన్నగా పైకి లేస్తోంది. ఫోన్‌కి ఇప్పుడు గ్రౌండ్ రెండు దారుల్లో అందుతోంది, ఛార్జర్ వైరు ద్వారా ఒకటి, ఆక్స్ వైరు ద్వారా ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తిరిగే కరెంటులో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) చప్పుడు కూడా కలిసి స్పీకర్‌కి చేరుతుంది.

ఛార్జర్ పీకి చూడండి. రొద ఆగిపోతే కారణం అదే. పవర్‌బ్యాంక్‌తో ఛార్జ్ చేస్తే పైసా అదనపు ఖర్చు లేకుండా పని అయిపోతుంది. బోటు నుంచే ఛార్జ్ చేయాలనుకుంటే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. అగ్గిపెట్టె సైజులో ఉంటుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, దానికి వేరే కరెంటు అక్కర్లేదు.

ఫోన్ వైరు మొత్తం పీకేసినా రొద అలాగే ఉంటే తప్పు స్టీరియో కరెంటు వైర్లది. పసుపు (ప్లస్), నలుపు (మైనస్) వైర్లని నేరుగా బ్యాటరీకే తీసుకెళ్ళండి. పసుపు వైరుకి ఫ్యూజు తప్పనిసరి, అదీ బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఎన్ని ఆంపియర్లో స్టీరియో వెనకే రాసి ఉంటుంది, మామూలుగా 10 లేదా 15.

పెద్ద బోట్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. అక్కడ ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగి స్టీరియోకి ఇచ్చేయడం చాలామంది చేసే పని. ఆ బ్యాటరీ రోజూ కాస్త ఎక్కువ ఖాళీ అవుతుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, చివరికి రెండూ పోతాయి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించుకోండి. ఫోన్ ఛార్జర్ మీద కూడా 12-24 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి. ఇంజన్ ఆపి గంటల తరబడి పాటలు పెడితే మళ్ళీ స్టార్ట్ చేయడానికి బ్యాటరీలో బలం ఉండదు, కాబట్టి పాటల కోసం వేరే బ్యాటరీ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

తడి, ఉప్పు, దిక్సూచి

కేబుల్ నేరుగా జాక్‌లోకి దిగేలా కట్టకండి. జాక్ కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలి, మళ్ళీ పైకి తెచ్చి గుచ్చండి. వైరు మీద జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. ఫోన్‌ని జిప్ పౌచ్‌లో పెట్టండి. ఐపీఎక్స్7 (నీటిని తట్టుకునే రేటింగ్) ఉందని ధీమా పడొద్దు, ఆ పరీక్ష మీటరు లోతు మంచినీళ్ళలో 30 నిమిషాలకే, సముద్రపు నీటికి కాదు.

రేవుకి రాగానే కేబుల్ తీసి రబ్బరు మూత వేసేయండి. పిన్ను తిప్పినప్పుడల్లా గరగరమంటే చిలుము పట్టినట్టే. స్టీరియో ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి దూది పుల్లతో జాక్ లోపల తుడిచి, ఆరాక పెట్టండి. బ్యాటరీ టెర్మినల్స్‌కి బిగించాక పైన వేసలిన్ రాస్తే చాలు. వైర్లు కొత్తగా లాగిస్తుంటే టిన్ పూత ఉన్న రాగి వైరు అడగండి. మామూలు రాగి ఉప్పుగాలికి తొడుగు లోపలే నల్లబడిపోతుంది.

సముద్రంలోకి వెళ్ళే బోటైతే ఇంకొక్కటి. స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది, ఫోన్ పెట్టుకునే మ్యాగ్నెట్ హోల్డర్లలోనూ ఉంటుంది. దిక్సూచి దగ్గర ఇవేవీ బిగించకండి. హోల్డర్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా దగ్గరికి తెస్తూ ముల్లు వైపు చూడండి. ముల్లు కదలడం మొదలైన చోటు నుంచి ఇంకాస్త దూరం వెనక్కి వచ్చి స్క్రూలు కొట్టించండి.